అమెరికా వెళ్ళే అమ్మానాన్నలకు మొదటి వారం సెలవు ఇద్దాం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఈనాడు ఏ వీధిలో చూచినా అమెరికాలో బిడ్డలున్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. కూతురికో కోడలికో కాన్పు దగ్గర పడిందంటే ఇక్కడ అమ్మానాన్నలు ప్రయాణం కడతారు. వీసా పని ఎన్నో నెలల ముందే మొదలవుతుంది. ఊరగాయలు, నిప్పట్లు, మురుకులు, పప్పుల పొడి, బాలింతకు పెట్టే మందు పొడులు అన్నీ సిద్ధమవుతాయి. పెట్టె 23 కిలోలు దాటకుండా మూడుసార్లు తూచి, ఒక ఊరగాయ సీసా తీసి, మళ్ళీ తూచుతాము. పెట్టె మీద ఇంత శ్రద్ధ చూపే మనము, ఆ పెట్టెతో పాటు వెళ్ళే మనుషుల బీపీ, షుగరు ఒక్కసారైనా చూపిస్తున్నామా?

వెళ్ళేవారు ఎక్కువ మంది అరవై దాటినవారు. మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ, కాళ్ళ వాపులు ఉన్నవారు. వారిలో చాలా మందికి అదే మొదటి విమాన ప్రయాణం. ఇల్లు దాటింది మొదలు అక్కడ ఇల్లు చేరేదాకా 28 గంటలు, 30 గంటలు పడుతుంది. అందులో రెండు రాత్రులు సరిగా నిద్ర ఉండదు. చేరిన మరునాడే వంటగది, పసిబిడ్డ, బాలింత పథ్యం వారి చేతికి వస్తాయి. ఇది ప్రేమతో జరిగే పనే. అయినా ఆరోగ్యం దృష్టితో చూస్తే సరైన పని కాదని మా అభిప్రాయం. విమానంలో గడిపే రాత్రి, దిగిన తరువాత వచ్చే మొదటి వారం రెండూ డాక్టరుతో మాట్లాడవలసిన విషయాలే. ఆ మొదటి వారం పెద్దవారికి ఏ బాధ్యతా అప్పగించరాదని ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలచాము.

అలసట ఇంటి దగ్గరే మొదలు

రేణిగుంట విమానాశ్రయం మనకు దగ్గరలోనే ఉన్నా, అమెరికా వెళ్ళాలంటే చెన్నైకో బెంగళూరుకో పోక తప్పదు. తిరుపతి వారు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరుకుంటారు. చిత్తూరు, పలమనేరు వైపు వారు ఎక్కువగా ములబాగల్, కోలారు మీదుగా బెంగళూరు పోతారు. అక్కడి నుంచి విదేశీ విమానాలు చాలా వరకు అర్ధరాత్రి దాటిన తరువాతే బయలుదేరతాయి. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. కనుక సాయంత్రమే ఇల్లు విడవాలి.

ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతుంది? తెల్లవారుజామున లేచి మిగిలిన సామాను సర్దుతారు. మధ్యాహ్నం చుట్టాలు సాగనంపడానికి వస్తారు. వచ్చిన వారికి వంట చేసేది కూడా ప్రయాణం చేయబోయే తల్లే. ఆమె విమానం ఎక్కేసరికి దాదాపు ఇరవై గంటలుగా మేలుకొని ఉంటుంది. ఆపైన విమానంలో నిద్ర పట్టలేదని బాధపడి ప్రయోజనమేమి? పెట్టె సర్దడం రెండు రోజుల ముందే ముగించండి. చుట్టాలను ముందు రోజే రమ్మనండి. బయలుదేరే రోజు మధ్యాహ్నం రెండు గంటలైనా పడుకోనివ్వండి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

టికెట్టు కొనే బిడ్డలకు కూడా ఒక మాట. నలభై, యాభై డాలర్లు తగ్గుతాయని రెండు చోట్ల విమానం మారే టికెట్టు అమ్మానాన్నలకు కొనకండి. ఒకే చోట మారేది, మారడానికి మూడు నాలుగు గంటల వ్యవధి ఉండేది చూడండి. మధ్యాహ్నమో సాయంత్రమో దిగే విమానమైతే, ఇల్లు చేరి తిని పడుకోవడానికి అనుకూలంగా ఉంటుంది. కిటికీ పక్క సీటు కంటే నడవ పక్క సీటు వారికి మేలు. ఎందుకో కిందనే చెబుతాము.

శరీరంలో ఒక గడియారం

మన మెదడులో కళ్ళ నరాలు కలిసే చోటికి కొంచెం పైన ఒక చిన్న కేంద్రం ఉంది. ఎప్పుడు నిద్ర, ఎప్పుడు ఆకలి, ఎప్పుడు ఒంటి వేడి తగ్గాలి అన్నది అదే నిర్ణయిస్తుంది. శరీరంలోని కణాలు ఈ రోజువారీ గడియారాన్ని ఎలా నడుపుతాయో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారాన్ని సరిచేసే ముఖ్యమైన మీట వెలుతురు. కంటిలో పడే పగటి వెలుతురును బట్టి అది రోజూ కొంచెం కొంచెం సర్దుకుంటుంది.

మన గడియారం న్యూయార్క్, న్యూజెర్సీల కంటే ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు ముందుంటుంది. మనవారు ఎక్కువగా ఉండే డల్లాస్‌కు మరో గంట, కాలిఫోర్నియాకు మరో మూడు గంటలు కలపాలి. అంటే అక్కడ పగలు మనకు రాత్రి. చేతి గడియారం ముల్లును క్షణంలో తిప్పవచ్చు. లోపలి గడియారం మాత్రం సుమారుగా రోజుకు ఒక గంట చొప్పున కదులుతుంది. పూర్తిగా సర్దుకోవడానికి వారం నుంచి పది రోజులు, పెద్దవారిలో ఇంకా ఎక్కువ రోజులు పట్టవచ్చు. అందాకా పగలు మత్తు, రాత్రి మెలకువ, తలనొప్పి, చిరాకు, అజీర్ణం, మలబద్ధకం ఉంటాయి. దీన్నే జెట్ లాగ్ అంటారు.

నూరేళ్ళ క్రిందట ఈ బాధ లేదు. 1910లలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వెలసిన రోజుల్లో, డెన్మార్కు వాడైన డాక్టర్ ఫ్రిమోడ్ మోల్లర్ వంటి వారు ఓడల్లో వారాల తరబడి ప్రయాణం చేసి ఈ దేశానికి వచ్చేవారు. ఓడ ముందుకు సాగే కొద్దీ పొద్దు పొడిచే వేళ రోజుకు కొద్ది నిమిషాలు మాత్రమే మారేది. రేవులో దిగేనాటికి శరీరం కూడా కొత్త చోటికి చేరి ఉండేది. ఇప్పుడు మనిషి ఒక్క రోజులో చేరుతున్నాడు, అతని శరీరం పది రోజులు వెనుక వస్తోంది. ఆ పది రోజులను గౌరవించడమే మనము నేర్చుకోవాలి.

విమానంలో కాళ్ళు, నీళ్ళు, మందులు

విమానం లోపలి గాలి మన ఊరి గాలి వంటిది కాదు. అందులోని పీడనం 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉండే గాలికి సమానం. తిరుమల కొండ ఎత్తు సుమారు 2,800 అడుగులు. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులు దాటుతుంది. ఊటీ ఏడు వేల పైచిలుకు. అంటే విమానంలో కూర్చున్నంత సేపూ ఊటీలో కూర్చున్నట్లే. ఆరోగ్యవంతులకు దీనితో బాధ లేదు. తీవ్రమైన రక్తహీనత, గుండె నీరసం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు మాత్రం టికెట్టు కొనకముందే డాక్టరును అడగాలి. ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, మోకాలు మార్పిడి చేయించుకున్నవారు, కంట్లో వాయువు బుడగ పెట్టి ఆపరేషన్ చేయించుకున్నవారు తమ డాక్టరు అనుమతి లేకుండా విమానం ఎక్కరాదు.

తరువాత కాళ్ళ సంగతి. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కలలోని సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. 1940లో లండన్ నగరంపై బాంబులు పడుతున్న రోజుల్లో, దాగుడు గదుల్లో రాత్రంతా కుర్చీల్లో కూర్చొని నిద్రపోయిన వారిలో ఇలాంటి మరణాలను డాక్టర్లు గమనించారు. కనుక తప్పు విమానానిది కాదు, కదలకుండా కూర్చోవడానిది. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని, విమానమైనా రైలైనా బస్సైనా అంతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆరోగ్యవంతులలో సుమారు 6,000 మందికి ఒకరికి ఇలా జరగవచ్చని ఆ లెక్క. భయపడవలసినంత పెద్ద సంఖ్య కాదు, అలక్ష్యం చేయదగినదీ కాదు.

ఆ నివేదికలో మన తల్లులు గమనించవలసిన మాట ఒకటుంది. లావుగా ఉన్నవారితో పాటు, 1.6 మీటర్ల కంటే పొట్టిగా ఉన్నవారికి కూడా ప్రమాదం ఎక్కువ. మన ఆడవారిలో చాలా మంది అంత ఎత్తే ఉంటారు. పాదాలు నేలకు ఆనక, సీటు అంచు మోకాలి వెనుక ఒత్తుతుంది. చేతి సంచిని పాదాల కింద పెట్టుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. మేలుకొని ఉన్నప్పుడు గంటకోసారి మడమలు ఎత్తి దించుతూ, పాదాలు గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. రెండు గంటలకోసారి లేచి నడవలో అటూ ఇటూ నడవాలి. కాళ్ళ సిరలు ఉబ్బినవారు, ఇంతకు ముందు గడ్డ కట్టినవారు మోకాలి కింది వరకు వచ్చే బిగుతు మేజోళ్ళ గురించి డాక్టరును అడగండి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ బిళ్ళ వేసుకోకండి.

ఇక నీళ్ళు. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది. గొంతు, కళ్ళు, చర్మం ఎండుతాయి. అయినా మన తల్లులు నీళ్ళు తాగరు. కారణం మనకందరికీ తెలుసు. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే పక్కన కూర్చున్న ఇద్దరిని లేపాలి. ఆ తలుపు ఎలా తీయాలో, ఎలా వేయాలో తెలియదు. అడగడానికి భాష రాదు, సిగ్గు. అందువలన పదహారు గంటలు బిగపట్టుకొని కూర్చుంటారు. దిగిన తరువాత మూత్రంలో మంట, జ్వరం వస్తాయి. నడవ పక్క సీటు తీసుకోమన్నది ఇందుకే. ఆ తలుపు మధ్యలో నెట్టితే లోపలికి ముడుచుకుంటుందని, లోపల గడియ వేస్తేనే దీపం బాగా వెలుగుతుందని బిడ్డలు ముందుగానే ఫోనులో చెప్పాలి. ఇది చిన్న మాట కాదు.

మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ కింద వేసే పెట్టెలో పెడితే గడ్డకట్టి పాడయ్యే అవకాశముంది. పెట్టె రాకపోతే మందే ఉండదు. మందు చీటీ నకలు, డాక్టరు ఉత్తరం దగ్గర ఉంచుకోండి. పడమటికి పోయేటప్పుడు రోజు సాగుతుంది, తూర్పుకు వచ్చేటప్పుడు కుదించుకుపోతుంది. కనుక ఇన్సులిన్, షుగరు బిళ్ళల వేళలు ఎలా మార్చాలో కాగితం మీద రాయించుకొని వెళ్ళాలి. దిగేదాకా ఒక చేతి గడియారం మన వేళనే చూపేలా ఉంచితే లెక్క తప్పదు. భోజనానికి ముందు తీసుకునే ఇన్సులిన్ పళ్ళెం ఎదుటికి వచ్చిన తరువాతే తీసుకోండి. ముందే తీసుకొని భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. షుగరు వారికి సరిపడే భోజనం కావాలని టికెట్టు కొనేటప్పుడే చెప్పవచ్చు. నాలుగు ఇడ్లీలు పొడి చల్లి వెంట తీసుకెళ్ళడం కూడా మంచిదే, దిగేలోపు తినేయాలి.

నిద్ర బిళ్ళలు విమానంలో మొదటిసారి వేసుకోరాదు. మత్తులో కదలకుండా పడి ఉండడం కాళ్ళకు మంచిది కాదు, లేచినప్పుడు తూలి పడవచ్చు. మెలటోనిన్ అనే మందు కొందరికి ఉపకరిస్తుంది. అది చేరిన ఊరిలో పడుకునే వేళకు తక్కువ మోతాదులో తీసుకునేది. మూర్ఛలు ఉన్నవారు, రక్తం పలుచబరచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వాడరాదు.

చక్రాల కుర్చీ గురించి కూడా మన అభిప్రాయం మారాలి. భాష రాదని మాత్రమే కొందరు దానిని అడుగుతున్నారు. వారిని మనము తప్పు పట్టము, దారి చూపే మనిషి దొరకడం వారికి పెద్ద ధైర్యం. కాని 2024 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో చక్రాల కుర్చీల కొరత వచ్చి, అమెరికా నుంచి దిగిన 80 ఏళ్ళ పెద్దాయన భార్యను కుర్చీలో కూర్చోబెట్టి తాను పక్కన నడుస్తూ కుప్పకూలి మరణించాడు. నిజంగా నడవలేని వారు కుర్చీ వచ్చేదాకా ఎంతసేపైనా ఆగాలి, మొహమాటపడరాదు. నడవగలిగిన వారు నడవాలి. ఆ నడకే వారి కాళ్ళకు మందు.

పసిబిడ్డను ఆ రాత్రులు ఇవ్వకండి

ఇప్పుడు అసలు విషయం. అమ్మ దిగిన రోజు రాత్రి రెండు గంటలకు మేలుకొని కూర్చుంటుంది. పసిబిడ్డ కూడా మేలుకొని ఏడుస్తుంది. ఎలాగూ అమ్మకు నిద్ర పట్టడం లేదు కదా, బిడ్డను చూసుకుంటుంది అని ఇంట్లోవారు అనుకుంటారు. ఆమె కూడా సంతోషంగా తీసుకుంటుంది. చూడడానికి ఇది అందరికీ అనుకూలంగానే ఉంటుంది.

ఇందులో రెండు నష్టాలున్నాయి. రాత్రి దీపాలు వేసుకొని తిరిగి, పగలు తెరలు దించుకొని పడుకుంటే ఆమె లోపలి గడియారం చిత్తూరు వేళలోనే ఆగిపోతుంది. వారంలో పోవలసిన బాధ మూడు వారాలు సాగుతుంది. రెండవది మరింత ముఖ్యం. ఈ నిద్రమత్తు చెప్పి రాదు. సోఫా మీద బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న మనిషి తనకు తెలియకుండానే కునుకు తీయవచ్చు. సోఫాలో పెద్దవారి పక్కన నిద్రలోకి జారిన పసిబిడ్డలకు ఊపిరాడక ప్రాణం పోయే ప్రమాదం బాగా ఎక్కువని పిల్లల డాక్టర్లు హెచ్చరిస్తున్నారు. మత్తులో మరిగే నూనె దగ్గర నిలబడడం, అలవాటు లేని చెక్క మెట్లు చీకట్లో దిగడం కూడా ప్రమాదమే. మనవడిని చూడడానికి వెళ్ళిన అవ్వ తుంటి ఎముక విరిగి మంచాన పడితే ఎవరు ఎవరికి సేవ చేయాలి?

కనుక మా మనవి ఇది. కాన్పు తేదీకి కనీసం రెండు వారాల ముందే చేరేలా టికెట్టు తీసుకోండి. మొదటి వారం వంట, రాత్రి కాపలా పెద్దవారికి అప్పగించకండి. పగలు, ముఖ్యంగా మధ్యాహ్నం పూట, వారిని ఆరుబయట నడిపించండి. పగటి కునుకు అరగంటకు మించనివ్వకండి. ఆ ఊరి వేళకే భోజనం పెట్టండి. రాత్రి మెలకువ వస్తే దీపం వేయకుండా, ఫోను చూడకుండా పడుకోమని చెప్పండి. మెలకువగా ఉన్నాను కదా అని ఊరిలోని చుట్టాలకు రాత్రంతా వీడియో కాల్స్ చేయడం కూడా తగదు.

మరొక మాట. అమ్మానాన్నలు అక్కడ తమ బాధను చెప్పరు. డాక్టరుకు డాలర్లలో ఖర్చవుతుంది, బిడ్డకు భారమవుతుంది అని దాచుకుంటారు. ఒక కాలే వాచడం, పిక్కలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి, ఇవి ప్రయాణం తరువాత కొన్ని వారాల వరకు ఎప్పుడైనా రావచ్చు. వచ్చిన వెంటనే ఆసుపత్రికి పోవాలి. మనకు 108 ఎలాగో అక్కడ 911 అలాగు. ప్రయాణ బీమా తీసుకోకుండా పెద్దవారిని పంపరాదు. బీమా ఉందని వారికి చెప్పండి కూడా, అప్పుడే నోరు తెరుస్తారు.

గల్ఫ్‌కు పోయే అక్కచెల్లెళ్ళు

సెలవు అడిగే అవకాశమే లేనివారు కూడా ఉన్నారు. కడప, అన్నమయ్య, చిత్తూరు జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళే ఆడవారు. వేళ తేడా రెండున్నర గంటలే గనుక జెట్ లాగ్ పెద్దగా ఉండదు. కాని రాత్రి ప్రయాణం, విమానాశ్రయంలో ఎదురుచూపు, దిగిన రోజే పని. అక్కడివారిని మనము శాసించలేము. ఇక్కడ మన చేతిలో ఉన్నదైనా చేద్దాం. ముందు రోజు వారిని నిద్రపోనిద్దాం. రక్తహీనత ఉందేమో చూపిద్దాం. మందులు, ఆ మందుల పేర్లు రాసిన కాగితం చేతి సంచిలో పెట్టి పంపుదాం.

తిరిగి వచ్చినప్పుడు

తూర్పుకు వచ్చేటప్పుడు శరీరం సర్దుకోవడం మరింత కష్టం. మొదటి రెండు రోజులు ఉదయపు ఎండ కంటే మధ్యాహ్నం తరువాతి వెలుతురు మేలు చేస్తుంది. దిగిన మరునాడే మొక్కు ఉందని అలిపిరి మెట్లు ఎక్కకండి. కొండ ఎక్కడికీ పోదు, వారం ఆగి వెళ్ళవచ్చు. అమెరికా నుంచి వచ్చిన కొడుకులు చెన్నైలో దిగి తామే కారు నడుపుకుంటూ తిరుపతి వస్తుంటారు. నిద్రమత్తులో కారు నడపడం తాగి నడపడం వంటిదే. డ్రైవరును పెట్టుకోండి, లేదా ఆ రాత్రి అక్కడే పడుకొని రండి.

బిడ్డల కోసం సముద్రాలు దాటి పోయే తల్లిదండ్రులు తమకు విశ్రాంతి కావాలని నోరు తెరిచి అడగరు. అడగకపోయినా ఇవ్వడం బిడ్డల వంతు. ఈ ఏడాది మీ ఇంటి నుంచి ఎవరైనా వెళుతుంటే, పెట్టె సర్దడానికి ముందు వారిని ఒక్కసారి మీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. అక్కడ ఎదురుచూచే బిడ్డలకు ఈ పేజీ చదివి వినిపించండి.